జీతం మాట తప్ప ఎత్తకూడదన్న చట్టం ముందు ఒక టీచరమ్మ

"టీచర్లకు జీతాల గొడవే గాని పిల్లల చదువు పట్టదు." ఈ మాట బళ్లారిలో విన్నా, బరంపురంలో విన్నా, షోలాపూరు నేతపనివాళ్ల వాడలో విన్నా ఒకేలా ఉంటుంది. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద నిలబడి మనమూ అంటాం. వేతన సవరణ కోసం ధర్నా చేసే టీచర్లు మనకు కనిపిస్తారు, పాత పింఛను కావాలని ఊరేగింపు తీసే టీచర్లు కనిపిస్తారు. బడిలో పుస్తకాలు లేవనో, నర్సు లేదనో వీధికెక్కిన టీచర్లు అంతగా కనిపించరు. మన కళ్లెదుటి అనుభవంలోంచి పుట్టిన మాట కాబట్టి దీన్ని ఒట్టి నింద అని తోసేయలేం.

కాని ఆ మాట వెనక ఒక చట్టం ఉంటే? జీతం, దానికి దగ్గరి విషయాలు తప్ప మరి దేని మీదా టీచర్లు సమ్మెకు దిగకూడదని ప్రభుత్వమే రాసిపెట్టి, తర్వాత "చూశారా, వీళ్లకు డబ్బే కావాలి" అని వేలెత్తి చూపిస్తే? అమెరికాలోని చికాగో నగరంలో అచ్చంగా ఇదే జరిగింది. ఆ చట్టం కింద ఉంటూనే పిల్లల మాటను ఊరంతా వినేలా చేసిన మనిషి కరెన్ లూయిస్. ఇరవై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పిన నల్లజాతి టీచరు. 2010 నుంచి 2018 వరకు చికాగో టీచర్ల సంఘానికి అధ్యక్షురాలు. 2021 ఫిబ్రవరి 7న, 67 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె గురించి తెలుగులో రాసింది తక్కువ. ఆమె కథలో మనం నేర్చుకోవలసింది మాత్రం చాలా ఉంది, మనల్ని ఇబ్బంది పెట్టేదీ ఉంది.

ముందు ఆ చట్టం సంగతి. 1995లో ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ చికాగో బడులను మేయర్ చేతికి అప్పగించింది. ఆ రాష్ట్రంలో ఇతర ఊళ్లలో బడుల బోర్డును ఓటర్లు ఎన్నుకుంటారు. చికాగోలో మాత్రం అప్పటి నుంచి బోర్డు సభ్యులందరినీ మేయరే నియమించేవాడు. అదే సవరణలో ఇంకో ముక్క చేర్చారు. తరగతికి ఎంతమంది పిల్లలుండాలి, బడి ఎన్ని గంటలు నడవాలి, ఏ పనులు ప్రైవేటు వాళ్లకు ఇవ్వాలి, ఎవరిని తీసేయాలి వంటి విషయాల మీద చికాగో టీచర్లు సమ్మె చేసే వీల్లేదు. ఇంచుమించు జీతభత్యాలు మాత్రమే మిగిలాయి. రాష్ట్రంలో మిగతా ఊళ్ల టీచర్లకు లేని ఈ కళ్లెం, నల్లజాతి పిల్లలూ లాటిన్ అమెరికా మూలాల పిల్లలూ అత్యధికంగా చదివే ఒక్క నగరానికే వేశారు.

కరెన్ లూయిస్ ఈ నగరానికి బయటి మనిషి కాదు. 1953లో చికాగో దక్షిణ భాగంలో పుట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడి ప్రభుత్వ బడుల్లో టీచర్లే. పేరున్న డార్ట్‌మత్ కాలేజీలో 1974లో డిగ్రీ తీసుకుంది. ఆ కాలేజీ అమ్మాయిలను చేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లే. ఆ ఏడు పట్టా పుచ్చుకున్న వాళ్లలో నల్లజాతి అమ్మాయి ఆమె ఒక్కతే. డాక్టరు చదువు మొదలుపెట్టి మానేసి, చివరికి అమ్మానాన్నల దారిలోకే వచ్చింది. 1988 నుంచి ప్రభుత్వ హైస్కూళ్లలో కెమిస్ట్రీ చెప్పింది. సంగీతం తెలుసు, ఒపెరా అంటే ప్రాణం, నాలుగు భాషలు మాట్లాడగలదు, నోట్లో ఎప్పుడూ ఒక జోకు. పెద్దయ్యాక యూదు మతం తీసుకుంది. సంఘానికి అధ్యక్షురాలిగా తలమునకలై ఉన్న 2013లోనే, మామూలుగా పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు జరిగే బాత్ మిత్స్వాను అరవయ్యో ఏట చేసుకుంది.

యూదురాలైన ఆ టీచరుకు నిర్గమకాండం ఐదో అధ్యాయం మనకంటే బాగా తెలిసే ఉంటుంది. గడ్డి ఇవ్వడం మానేసిన ఫరో ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. పైగా లెక్క తగ్గిందని పనివాళ్ల మీది నాయకులను కొట్టించాడు. పిల్లల పరీక్ష మార్కులను బట్టి టీచరు మంచిదో చెడ్డదో తేలుస్తామనే విధానం అమెరికాలో ఊపందుకున్న రోజులవి. మార్కులు రాని బడిని మూసేయడం, లేదా ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపే "చార్టర్" బడికి ఆ భవనం అప్పగించడం అందులో భాగం. బడిలో లైబ్రరీ ఉందా, మానసికంగా నలిగిన పిల్లవాడితో మాట్లాడే మనిషి ఉందా, పక్క వీధిలో తుపాకీ మోతలు వింటూ నిద్రపోయాడా లేదా అన్నవి ఆ లెక్కలో లేవు. గడ్డి సంగతి ఎవరూ అడగరు, ఇటుకలు మాత్రం లెక్కపెడతారు.

2008లో చికాగోలో కొందరు మామూలు టీచర్లు చేరి ఒక చిన్న బృందం పెట్టుకున్నారు. మూసివేతకు గురవుతున్న బడులకు వెళ్లి, అక్కడి తల్లిదండ్రులతో కూర్చుని వినడం వాళ్ల మొదటి పని. సంఘం ఎన్నికల్లో పోటీ చేయాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. అప్పటి సంఘ నాయకత్వం బడుల మూసివేత సభలకు రావడం కూడా అరుదు. వీళ్లు మాత్రం ప్రతి సభకూ వెళ్లారు, కలిసి పుస్తకాలు చదివి చర్చించారు, పాత కేసులు తవ్వారు. 2010 జూన్‌లో ఆ బృందం తరఫున లూయిస్ నిలబడి, దశాబ్దాల తరబడి పాతుకుపోయిన వర్గాన్ని ఓడించింది. పగ్గాలు చేపట్టాక సంఘ పదాధికారుల జీతాలను టీచర్ల జీతాలకు దగ్గరగా దించారు. మిగిలిన డబ్బును కొత్తగా పెట్టిన ఒక విభాగానికి మళ్లించారు. బడి బడికీ వెళ్లి సభ్యులను, తల్లిదండ్రులను కూడగట్టడం ఆ విభాగం పని.

ఇక్కడ ఒక్క మాట. మన భాషలో "సంఘం" అంటే టీచర్ల యూనియన్, "సంఘం" అంటే ఆదివారం మనం కూడుకునే సహవాసం కూడా. ఒకే మాట రెంటికీ సరిపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని పదాధికారులు తమ జీతం తగ్గించుకుని ఆ డబ్బుతో గడప గడపకూ మనుషులను పంపిన సంఘాలు, ఈ రెండో అర్థంలో, మనకు ఎన్ని తెలుసో ఒకసారి లెక్కపెట్టుకుందాం.

2011లో రామ్ ఎమాన్యుయెల్ చికాగో మేయరు అయ్యాడు. ఒబామా దగ్గర ప్రధాన కార్యదర్శిగా పనిచేసి వచ్చిన బలమైన మనిషి, డెమొక్రాటిక్ పార్టీ వాడే. అంటే ఇది మితవాదులకూ ప్రగతివాదులకూ జరిగిన పోరు కాదు. పేదల పార్టీ అనుకున్న పార్టీ లోపలే జరిగింది. ఒప్పందం ప్రకారం టీచర్లకు రావలసిన 4 శాతం జీతం పెంపును మేయరు నియమించిన బోర్డు ఆ ఏడు రద్దు చేసింది. బడి గంటలు మాత్రం పెంచాలంది. మొదట్లో జరిగిన ఒక భేటీలో, నగరంలోని పిల్లల్లో పాతిక శాతం ఎందుకూ కొరగారని మేయరు తనతో అన్నాడని లూయిస్ బయటపెట్టింది. ఆయన అలా అనలేదని మేయరు కార్యాలయం ఖండించింది. ఏది నిజమైనా, మేయరు తన మీద బూతుమాట విసిరాడని కూడా ఆమె చెప్పింది. అప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య మాట పొసగలేదు.

అదే ఏడు రాష్ట్ర శాసనసభ ఇంకో అడ్డుగోడ కట్టింది. చికాగో టీచర్లు సమ్మె చేయాలంటే సంఘ సభ్యులందరిలో 75 శాతం అనుకూలంగా ఓటు వేయాలి. ఓటు వేసినవాళ్లలో కాదు, మొత్తం సభ్యుల్లో. ఓటింగుకు రానివాడు వ్యతిరేకించినట్టే లెక్క. ఆ చట్టం కోసం పైరవీ చేసిన ఒక సంస్థ నాయకుడు, చికాగో టీచర్లు ఈ గీత ఎన్నటికీ దాటలేరని ఒక సదస్సులో ధీమాగా చెప్పాడు. ఆ వీడియో బయటికొచ్చాక క్షమాపణ చెప్పుకున్నాడు. కాని చెప్పవలసింది చెప్పేశాడు కదా.

2012 జూన్‌లో ఓటింగు జరిగింది. మొత్తం సభ్యుల్లో దాదాపు 90 శాతం సమ్మెకు ఒప్పుకున్నారు. ఓటు వేసినవాళ్లలో అయితే 98 శాతం. ఈ అంకెలు ఉపన్యాసాల వల్ల రాలేదు. రెండేళ్లుగా బడి బడికీ ఒక కమిటీ వేసుకుని, ఎవరు మనతో ఉన్నారు, ఎవరికి భయం, ఎవరికి కోపం అని పేరు పేరునా రాసుకున్న ఓపిక వల్ల వచ్చాయి. పంటకు ముందు దుక్కి దున్నినట్టు చేశారు ఆ పని.

ఆ ఏడు ఫిబ్రవరిలోనే సంఘం ఒక నివేదిక వేసింది. చికాగో పిల్లలకు ఎలాంటి బడులు కావాలన్నది దాని విషయం. చిన్న తరగతులు, ప్రతి బడిలో లైబ్రరీ, సంగీతం, చిత్రకళ, వ్యాయామం, నర్సు, సోషల్ వర్కరు. దాదాపు 160 ప్రాథమిక బడుల్లో లైబ్రరీ లేదని అందులో లెక్క తేల్చారు. చట్టం ప్రకారం వీటిలో ఏ ఒక్కదాని మీదా సమ్మె చేయడానికి వీల్లేదు. లూయిస్ చేసిందేమిటంటే, చర్చల బల్ల మీద చట్టం ఒప్పుకున్న విషయాలు పెట్టింది, చర్చల గది బయట మాత్రం ప్రతి మైకు ముందూ ఈ నివేదిక విప్పింది. జీతం మీద సమ్మె అని కాగితం చెప్పింది. లైబ్రరీ లేని బడి, వేసవిలో ఉడికిపోయే గది, సెప్టెంబరు గడిచినా చేతికందని పుస్తకం గురించి సమ్మె అని వీధి చెప్పింది. చట్టాన్ని మీరలేదు, చట్టం ముందు మూగబోనూ లేదు.

2012 సెప్టెంబరు 10, సోమవారం. చికాగోలో పాతికేళ్ల తర్వాత టీచర్ల సమ్మె మొదలైంది. ఎర్ర చొక్కాలు వేసుకున్న ఇరవై ఆరు వేల మంది టీచర్లు, ఇతర సిబ్బంది పొద్దున్నే తమ తమ బడుల గేట్ల ముందు నిలబడ్డారు, మధ్యాహ్నానికి నగరం నడిబొడ్డుకు చేరారు. సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలకు బడి లేదు. కూలికి పోయే తల్లిదండ్రులకు అది ఎంత కష్టమో మనకు చెప్పనక్కర్లేదు. అయినా సమ్మె నడిచిన రోజుల్లో జరిగిన ఒక సర్వేలో, ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రుల్లో 66 శాతం టీచర్ల పక్షాన ఉన్నామన్నారు. పిల్లలు ఆ బడుల్లో లేని ఇళ్లలో మద్దతు అంతకంటే తక్కువ. బడితో సంబంధం ఉన్నవాళ్లే టీచర్లను ఎక్కువగా నమ్మారన్నమాట.

చర్చిల సంగతి చెప్పకుండా దాటేస్తే అన్యాయం. పిల్లలకు పగటిపూట తిండి, నీడ ఇవ్వడానికి నగర యంత్రాంగం చేసిన ఏర్పాటులో పలు చర్చిలు తలుపులు తెరిచాయి. అది దయగల పనే. కాని మేయరు ఆ ఏర్పాటును చూపించి సమ్మెను తట్టుకోగలమని చెప్పుకున్నాడు. మరి కొందరు పాస్టర్లు టీచర్లతో కలిసి నడిచారు. ఒకే వీధిలో ఒక చర్చి ఇటూ ఒక చర్చి అటూ. ఆకలిగొన్న పిల్లవాడికి అన్నం పెట్టడం తప్పు అని మేము ఎన్నటికీ అనం. అన్నం పెట్టే చేతిని ఎవరు, దేనికి వాడుకుంటున్నారో అడిగే హక్కు మాత్రం పెట్టేవాళ్లకు ఉంటుంది.

సమ్మెలో మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం చివరి ఆదివారం జరిగింది. ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. నాయకులు సంతకానికి సిద్ధంగా ఉన్నారు, టీవీలు సమ్మె ముగిసినట్టే చెప్పాయి. బడుల నుంచి వచ్చిన ప్రతినిధులు మాత్రం "మేము చదవలేదు, మా తోటివాళ్లకు చూపించలేదు" అన్నారు. లూయిస్ వాళ్లను ఒత్తిడి చేయలేదు. మేయరు కోర్టుకెక్కుతానని బెదిరించి అన్నంత పనీ చేశాడు. అయినా ఇంకో రెండు రోజులు సమ్మె సాగింది. టీచర్లు బడుల ముందు పేవ్‌మెంట్ల మీద గుంపులుగా కూర్చుని ఒప్పందాన్ని పేజీ పేజీ చదివారు. 18వ తేదీన ప్రతినిధులు ఒప్పుకున్నారు, 19న బడులు తెరిచారు. అక్టోబరులో సభ్యుల ఓటింగులో 79 శాతం ఆమోదించారు. అధ్యక్షుడు సంతకం పెట్టి వచ్చాక ఇంత లాభం, ఇంత నష్టం అని పత్రికలో చూసి తెలుసుకునే సంఘాలకు అలవాటుపడ్డ మనకు ఇది కొత్త సంగతి.

ఏం గెలిచారు? మూడేళ్లలో 3, 2, 2 శాతం చొప్పున జీతం పెంపు. టీచర్ల మదింపులో పిల్లల మార్కుల వాటాను రాష్ట్ర చట్టం అడిగిన కనీస స్థాయి దగ్గరే ఆపారు. బడి తెరిచిన మొదటి రోజే పిల్లల చేతికి పాఠ్యపుస్తకాలు అందాలని ఒప్పందంలోకెక్కింది. బడి గంటలు పెరిగినందుకు బదులుగా సంగీతం, చిత్రకళ, వ్యాయామం వంటి వాటికి కొత్త టీచర్లను తీసుకునే ఏర్పాటు సమ్మెకు ముందే జూలైలో కుదిరింది. నర్సులు, సోషల్ వర్కర్ల విషయంలో దక్కింది తక్కువ. తరగతి గదిలో పిల్లల సంఖ్య తగ్గలేదు.

ఆ గెలుపు వేడి చల్లారకముందే పెద్ద దెబ్బ పడింది. 2013 మే 22న మేయరు నియమించిన బోర్డు ఒక్కరోజులో దాదాపు 50 ప్రభుత్వ బడులను మూయడానికి ఓటు వేసింది. అమెరికాలో ఒకేసారి అన్ని బడులు మూయడం అంతకుముందు లేదు. భవనాలు సగం ఖాళీగా ఉన్నాయని, బడ్జెటులో వంద కోట్ల డాలర్ల లోటు ఉందని బోర్డు చెప్పిన కారణాలు. సుమారు పన్నెండు వేల మంది పిల్లలు వేరే బడులకు మారవలసి వచ్చింది. నూటికి దాదాపు తొంభై మంది నల్లజాతి పిల్లలు. సంఘం మూడు రోజుల పాదయాత్ర చేసింది. కోర్టుకు వెళ్లింది. తల్లులు బోర్డు సభల్లో ఏడ్చారు, అరిచారు. ఫలితం లేకపోయింది. సమ్మెలో గెలిచినవాళ్లు ఎనిమిది నెలలకే ఓడిపోయారు. ఈ ఓటమిని చిన్నది చేసి చెప్పడం మాకు ఇష్టం లేదు. మూసిన బడుల్లో ఎన్నో మళ్లీ తెరవలేదు. ఆ పిల్లల బాల్యం ఎవరి తీర్పు కోసమూ ఆగలేదు.

ఐదేళ్ల తర్వాత, 2018లో చికాగో యూనివర్సిటీ పరిశోధకులు ఆ పిల్లల చదువు ఏమైందో పరిశీలించి చెప్పారు. మూసివేత వార్త వచ్చిన ఏడాదే మార్కులు పడిపోయాయి, గణితంలో ఆ నష్టం ఏళ్ల తరబడి ఉండిపోయింది. మూసే బడి నుంచి వచ్చిన పిల్లలూ, చేర్చుకున్న బడిలోని పిల్లలూ "వాళ్లు", "మేము" అని విడిపోయి బాధపడ్డారు. తల్లిదండ్రులు బోర్డు ముందు ఏడుస్తూ చెప్పింది ఇదే. తర్వాత పట్టికలతో సహా రుజువైంది.

లూయిస్‌ను దేవతను చేయడం మా ఉద్దేశం కాదు. నోటి దురుసు ఉన్న మనిషి. 2011లో ఒక సభలో అప్పటి కేంద్ర విద్యాశాఖ కార్యదర్శి మాట నత్తిని ఎగతాళి చేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. పిల్లలకు పాఠం చెప్పే మనిషి అనవలసిన మాట కాదది. అయితే తప్పు ఒప్పుకోవడానికి ఆమె తటపటాయించలేదు. 2013లో టీచర్లు దాదాపు 80 శాతం ఓట్లతో ఆమెను మళ్లీ ఎన్నుకున్నారు.

2014 వేసవికల్లా ఆమె మేయరు పదవికి పోటీ చేస్తుందన్న మాట గట్టిగా వినిపించింది. ఒక సర్వేలో ఎమాన్యుయెల్ కంటే ముందంజలో ఉంది. అక్టోబరులో మెదడులో కణితి బయటపడింది. ఆపరేషను అయింది, పోటీ ఆగింది. తన బదులు లాటినో నాయకుడు హెసూస్ గార్సియాను నిలబడమని ఆసుపత్రి మంచం మీదనుంచే కోరింది. ఆయన 2015లో మేయరును రెండో విడత పోలింగుకు లాగాడు, చివరికి ఓడిపోయాడు. ఆరోగ్యం నానాటికీ దిగజారుతున్నా లూయిస్ 2018 దాకా సంఘాన్ని వదల్లేదు.

ఆమె మంచాన ఉన్న ఆ కాలంలోనే మరో సంగతి జరిగింది. దక్షిణ చికాగోలోని డయెట్ హైస్కూలును 2015లో మూసేశారు. ఆ వాడ తల్లిదండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు, పొరుగువాళ్లు పన్నెండు మంది నిరాహార దీక్షకు కూర్చున్నారు. 34 రోజులు. మొదటివారంలో తీసుకొచ్చిన మడత కుర్చీలు నెల దాటినా అక్కడే ఉన్నాయి. 2016లో ఆ బడి కళలకు ప్రత్యేక బడిగా మళ్లీ తెరిచారు. దీక్ష సంఘం చేసింది కాదు, ఊరి వాళ్లు చేసింది. కాని తల్లిదండ్రులూ టీచర్లూ ఒకరినొకరు శత్రువులుగా చూసుకోవడం మానిన నగరంలోనే అది జరిగే వీలుందని మా అభిప్రాయం.

ఇక మన ఇళ్ల వైపు చూద్దాం. చికాగో మనకు దూరం, మూసిన బడి మాత్రం దూరం కాదు. పిల్లలు తక్కువున్నారని ఒడిశాలో, మహారాష్ట్రలో బడులను విలీనం చేయడం మన పాఠకులకు తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు టీచర్ల సంఘాలూ తల్లిదండ్రులూ కలిసి వ్యతిరేకించిన ఊళ్లు చాలా ఉన్నాయి. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. ఆ కిలోమీటరు మన వాడ నుంచి కొలుస్తారా, పై వీధి నుంచి కొలుస్తారా అన్నది దళితవాడల్లో పుట్టినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇతర రాష్ట్రాల్లో ఉన్న మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగు మీడియం బడిలో సంఖ్య పడిపోతే ఆ బడితో పాటు ఆ భాషలో చదివే చోటే పోతుంది. ఖాళీ అయిన తెలుగు టీచరు పోస్టును నింపకుండా నాలుగేళ్లు వదిలేసి, ఐదో ఏట "పిల్లలు రావడం లేదు" అని రాయడం చాలా తేలిక. గడ్డి ఆపి ఇటుకలు లెక్కపెట్టడమంటే ఇదే.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సభ్యుల్లో సగం ఆడవాళ్లు ఉండాలని 2009 చట్టం చెబుతుంది. ఆ కమిటీ సభలకు మన సంఘ పెద్దలు ఎంతమంది వెళ్తున్నారు? చాలాచోట్ల హెడ్మాస్టరు పంపిన రిజిస్టరు మీద సంతకం చేసి కమిటీ సభ అయిపోయిందనుకుంటాం. లూయిస్ బృందం మొదలైంది సరిగ్గా అలాంటి సభల్లోనే, వెనక బెంచీలో కూర్చుని వినడంతో.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే మాట. టీచరు నోరు కట్టే చట్టం ఇల్లినాయ్‌లోనే ఉందనుకోవద్దు. 1988లో మన సుప్రీంకోర్టు టీచరు "కార్మికుడు" అన్న నిర్వచనంలోకి రాడని, పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉద్యోగ రక్షణ అడగలేడని తేల్చింది. ఆ కేసు గోవాలో ఉద్యోగం పోయిన ఒక ఉపాధ్యాయురాలిది. ఆమె పనిచేసింది ఒక కాథలిక్ సన్యాసినుల సభ నడిపే బడిలో. టీచరుది పవిత్రమైన వృత్తి, కూలిపని కాదు అన్న గౌరవం ఆ తీర్పులో ఉంది. ఆ గౌరవం తీసుకుని ఆమె ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ప్రైవేటు బడి టీచర్లకు గ్రాట్యుటీ ఇవ్వాలన్న చట్ట సవరణ 2009లో వచ్చింది. యాజమాన్యాలు దాని మీద కోర్టుకెళ్లాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు టీచర్ల పక్షాన తీర్పిచ్చే దాకా ఆ వాదన సాగింది.

మన బడులు మనకు గర్వకారణం. పల్లెల్లో బడి పంతులే ఉపదేశిగా, ఉపదేశే బడి పంతులుగా ఉన్న రోజుల నుంచి మన తాతలకు అక్షరం అందింది అలాగే. చదువు లేదన్న కులాలకు పలక ఇచ్చిన చేతులవి. అదే వారసత్వం చెప్పుకునే యాజమాన్యాల్లో ఈ రోజు ఎంతమంది టీచరమ్మలు నియామకపు ఉత్తర్వు లేకుండా, ఒక అంకె మీద సంతకం చేసి ఇంకో అంకె చేతికి తీసుకుంటూ, వేసవి రెండు నెలలు జీతం లేకుండా పనిచేస్తున్నారు? అడిగితే "ఇది సేవ కదమ్మా" అంటారు. సేవ అన్న మాట ఆ టీచరమ్మకే ఎందుకు వర్తిస్తుందో, యాజమాన్యానికి ఎందుకు వర్తించదో అడిగిన సినడు సభ మాకు గుర్తు లేదు. ప్రభుత్వ బడి మూస్తే ఊరేగింపు తీసే హక్కు మనకు ఉంది. మన కాంపౌండు లోపలి టీచరు మాట విన్న తర్వాతే ఆ హక్కుకు బలం వస్తుంది.

ప్రభుత్వ టీచర్ల సంఘాలకూ ఒక మాట. సర్వీసు నిబంధనలు మీ నోరు కడుతున్నాయని మాకు తెలుసు. జీతం కోసం పోరాడటంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పనివాడు తన కూలికి అర్హుడని మన గ్రంథమే చెబుతుంది. అయితే మీ డిమాండ్ల పత్రంలో బడి పిల్లల మాట ఎన్నో లైనులో వస్తోంది? తల్లిదండ్రులకు ఆ పత్రం ఎప్పుడైనా చదివి వినిపించారా? ఒడియా, కన్నడం, మరాఠీ, తమిళం మాట్లాడే టీచరు తెలుగు వాడలోకి వచ్చి ఒక సాయంత్రం కూర్చుంటే, తర్వాతి సమ్మెలో ఆ వాడ ఎటువైపు నిలబడుతుందో చూడండి.

లూయిస్ చనిపోయాక రెండు నెలలు తిరగకముందే, 2021 ఏప్రిల్ 2న ఇల్లినాయ్ గవర్నరు ఒక చట్టం మీద సంతకం చేశాడు. పాతికేళ్ల కిందట చికాగో టీచర్లకు వేసిన ఆ కళ్లెం తీసేశారు. తరగతిలో పిల్లల సంఖ్య గురించి వాళ్లు ఇప్పుడు బేరమాడవచ్చు. అదే ఏడు జూలైలో బడుల బోర్డుకు ఎన్నికలు పెట్టే చట్టం వచ్చింది, 2024 నవంబరులో నగరం మొదటిసారి ఓటు వేసింది. ఆమె సంఘంలో పనిచేసిన ఒక టీచరు, బ్రాండన్ జాన్సన్, 2023లో మేయరు అయ్యాడు. ఆయన పాలన మీద చికాగోలో మంచీ చెడూ రెండు మాటలూ ఉన్నాయి, అది వేరే కథ. ఇవేవీ ఆమె చూడలేదు.

మా పాఠకులకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ వాడలో, మీ కాలనీలో గత పదేళ్లలో మూసిన లేదా విలీనం చేసిన తెలుగు బడి ఉంటే మాకు రాయండి. ఏ సంవత్సరం మూశారు, అప్పటికి ఎంతమంది పిల్లలు, తెలుగు టీచరు పోస్టు ఎన్నాళ్లు ఖాళీగా ఉంది, ఇప్పుడు ఆ పిల్లలు ఎంత దూరం నడుస్తున్నారు, మానేసినవాళ్లు ఎందరు. మన సంఘాలు నడిపే బడుల్లో టీచర్ల జీతం, ఉత్తర్వు, గ్రాట్యుటీ సంగతి కూడా రాయండి. రాసినవారి పేరు, బడి పేరు బయటపెట్టం. కోలారు బంగారు గనుల ప్రాంతం, హోసూరు, రాయగడ, షోలాపూరు, యానాం పాఠకులు ముందుగా రాస్తే, బడులు తెరిచే లోపు ఆ లెక్కలు ఒకచోట చేర్చి ఈ పేజీల్లోనే వేస్తాం.